మా నాన్న ఆయుష్షు ఖరీదు మూడు వేలు

నాన్న పెద్దకర్మ రోజు. భోజనాలు ముగిశాయి. ఇంటి ముందు షామియానా ఇంకా విప్పలేదు, వంటవాళ్లు గుండిగలు తోముతున్నారు. కోర్టు అమీనా బండి ఆపి, గేటు దగ్గరే నిలబడి నాన్న పేరు చదివాడు. పదేళ్లుగా మా ఇంటికి సమన్లు తెచ్చే మనిషే. హాల్లో దండ వేసి పెట్టిన ఫోటో చూసి చెప్పులు విడిచాడు, దణ్ణం పెట్టుకున్నాడు. "ఏం చేయనమ్మా, నా డ్యూటీ ఇది" అని, ప్రతివాది చనిపోయినట్టు కుటుంబసభ్యులు చెప్పారని సమను వెనకవైపు రాసుకుని, నా చేత సంతకం పెట్టించుకుని వెళ్లాడు.

ఆ కాగితం నాన్న మీద పడ్డ అయిదో దావా. అవే ఎనభై సెంట్లు. అదే తూర్పు హద్దు. అదే మనిషి.

ఆ మనిషి మీద నాకెంత కోపం ఉందో, ఇరవై నాలుగేళ్లపాటు అతను వచ్చిన ప్రతిసారీ తలుపు తీసి, కుర్చీ వేసి కూర్చోబెట్టిన వ్యవస్థ మీద అంతకు రెట్టింపు ఉంది. అతను అబద్ధమాడాడు. ఆ అబద్ధానికి ప్రతిసారీ కొత్త నంబరు వేసి, కొత్త ఫైలు కట్టి, దారం ముడివేసి అలమరాలో పెట్టింది మాత్రం కోర్టు.

నాన్న ఆర్టీసీలో కండక్టరు. 1996లో పీఎఫ్ లోను తీసి ఊరి పొలిమేరలో ఎనభై సెంట్ల మెట్ట కొన్నాడు. రిజిస్ట్రేషను దస్తావేజు ఉంది, లింకు డాక్యుమెంట్లున్నాయి, శిస్తు రశీదులున్నాయి, పాస్‌బుక్కు ఉంది. 1999లో తూర్పు హద్దు ఆసామి మున్సబు కోర్టులో మొదటి దావా వేశాడు. ఆ భూమి తన స్వాధీనంలో ఉందట, నాన్న అందులోకి అడుగుపెట్టకుండా శాశ్వత ఇంజంక్షన్ కావాలట. ఆరేళ్లు నడిచి 2005లో కొట్టేశారు. అప్పీలుకు వెళ్లాడు, 2008లో అదీ పోయింది. ఆ రోజు అమ్మ పాయసం వండి వీధంతా పంచింది. పీడ విరగడైందనుకున్నాం.

2009లో ఆ ఆసామి భార్య పేరున రెండో దావా పడింది. ఆ భూమి ఆమెకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చారట. మొదటి దావా నడిచిన తొమ్మిదేళ్లపాటు ఆ ఊసే లేదు. 2014లో అదీ కొట్టేశారు, దాని మీద అప్పీలూ పోయింది. మధ్యలో, 2012లో, నాన్న దస్తావేజు ఫోర్జరీ అని మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు కంప్లయింటు. రిటైరైన నెలలోనే నాన్నను స్టేషనుకు పిలిపించి బెంచీ మీద కూర్చోబెట్టారు. ముప్ఫై ఏళ్లు టిక్కెట్టు డబ్బుల్లో పైసా తేడా రానివ్వని మనిషి, ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాడు. అది అబద్ధపు కేసని పోలీసులే రిపోర్టు రాశారు. రాసి ఊరుకున్నారు. అబద్ధపు కేసు పెట్టినవాడిని ఎవరూ ఏమీ అడగలేదు.

2015లో కొడుకు వచ్చాడు. ఇది మా తాతల ఆస్తి, మా నాన్నకు దీని మీద విడి హక్కే లేదు, నా వాటా పంచండి అన్నాడు. 2020లో ఆ చేను మధ్యగా తమకు బండి బాట ఉందన్నారు. 2023లో అయిదోది. మధ్యంతర పిటిషన్ల మీద హైకోర్టులో వేసిన మూడు రివిజన్లతో కలిపి మొత్తం పదకొండు. తండ్రి ఒక మాట, తల్లి ఒక మాట, కొడుకు ఒక మాట. ఈ ముగ్గురి మాటల్లో ఒకటి నిజమైతే మిగతా రెండూ అబద్ధం కావాల్సిందే. ఈ సంగతి చెప్పడానికి లా చదవక్కర్లేదు, ఏ పాలవాడినడిగినా చెబుతాడు. కోర్టుకు మాత్రం అది తెలుసుకోవడానికి ఒక్కో దావాకు అయిదారేళ్లు పట్టింది.

నాన్న దగ్గర రూళ్ల నోటుబుక్కు ఒకటి ఉండేది. కోర్టుకు వెళ్లొచ్చిన ప్రతిరోజూ ఒక వరుస రాసేవాడు, కండక్టరు ఉద్యోగంలో వేబిల్లు రాసే అలవాటు కదా, అంతే పొదుపుగా. ఆయన పోయాక అది మొదటి నుంచీ చదివాను. "అవతలి ప్లీడరు రాలేదు. వాయిదా." "జడ్జిగారు సెలవు. వాయిదా." "లాయర్ల బాయ్‌కాట్. వాయిదా." "జడ్జిగారికి బదిలీ. కొత్తవారు రాలేదు. వాయిదా." "పిలిచారు. టైము అడిగారు. ఇచ్చారు." మూడువందల పన్నెండు వరుసలు. వేలు పెట్టి లెక్కపెట్టాను. వాటిలో నిజంగా ఏదో ఒకటి జరిగిన రోజులు, సాక్షి చెప్పడమో, వాదనలో, తీర్పో, నలభై ఒకటి. మిగతా రెండువందల డెబ్భై ఒక్క రోజులు మా నాన్న పొద్దున్నే ఏడు గంటల బస్సెక్కి, పులిహోర డబ్బా సంచిలో పెట్టుకుని, ఆ వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి వచ్చాడు. షుగరు మనిషి. మధ్యాహ్నం అన్నం తినడానికి చెట్టు కిందకు వెళ్లేవాడు కాదు, ఆ అయిదు నిమిషాల్లోనే పిలిస్తే ఎక్స్‌పార్టీ చేస్తారేమోనని. అవతలి మనిషి మాత్రం వాయిదాలకు వచ్చేవాడే కాదు. అతనికి రావలసిన అవసరం లేదు. అతని పని దావా వేసిన రోజే అయిపోయింది. గెలవడం అతనికి అక్కర్లేదు. మమ్మల్ని నడిపించడమే అతనికి కావాల్సింది, ఎప్పటికైనా విసిగి వేసారి అయినకాడికి అమ్ముకుంటామని.

ఆ పుస్తకంలో ఒకచోట అయిదువందల నోటు మడతపెట్టి ఉంది. దాని కథ చెప్పాలి. కొడుకు వేసిన వాటా దావా 2018లో వాది హాజరు కానందుకు డిఫాల్ట్‌లో పోయింది. నాలుగువందల రోజులు దాటాక, నాకు కామెర్లు వచ్చాయి, కేసు సంగతి తెలియలేదు, ఆలస్యం మన్నించి దావా తిరిగి తీసుకోండని పిటిషన్ పెట్టాడు. ఆ నాలుగువందల రోజుల్లో అతను ఊళ్లో రెండు పెళ్లిళ్లకు వచ్చి పంక్తిలో కూర్చుని భోంచేశాడు. కోర్టు ఆలస్యాన్ని మన్నించింది. అవతలివారికి అయిదువందలు ఖర్చుల కింద ఇవ్వమంది. ప్లీడరు గుమాస్తా తెచ్చి నాన్న చేతిలో పెట్టిన నోటు అది. నాన్న ఖర్చుపెట్టలేదు. ఆ రోజు వరుస పక్కన పెట్టి పుస్తకం మూసేశాడు.

ఖర్చుల గురించి చట్టం ఏం చెబుతోందో ఆ తర్వాత నేను చదవడం మొదలుపెట్టాను. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 35ఎ అని ఒక సెక్షన్ ఉంది. అబద్ధమని తెలిసీ, వేధించడానికే దావా వేశారని తేలితే అవతలివాడికి నష్టపరిహారం ఇప్పించడానికి 1922లో దాన్ని చేర్చారు. అప్పుడు గరిష్ఠ పరిమితి వెయ్యి రూపాయలు. 1976 సవరణలో దాన్ని మూడు వేలు చేశారు. అంతే. ఇప్పటికీ మూడు వేలే. పైగా అప్పీళ్లకూ రివిజన్లకూ ఆ సెక్షన్ వర్తించదు. అంటే పదకొండు కేసుల్లో అయిదింటిని కింది నుంచి పైకి మోసుకెళ్లి మమ్మల్ని తిప్పినందుకు ఆ సెక్షన్ కింద పైసా రాదు. 1976లో మూడు వేలంటే అబద్ధపు దావా వేసేవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచించే సొమ్ము. ఇవాళ మా నాన్న ప్లీడరుకు ఒక్క క్రాస్ ఎగ్జామినేషన్‌కు కట్టిన ఫీజు కూడా కాదు. ఈ పరిమితి హాస్యాస్పదంగా మారిందని, నిజంగా అయిన ఖర్చులు ఇప్పించాలని 2005 నుంచి సుప్రీంకోర్టు ఒక తీర్పు తర్వాత ఒక తీర్పులో చెబుతూనే ఉంది. 2011లో ఆ మూడు వేలను లక్ష దాకా పెంచితే బాగుంటుందని కూడా సూచించింది. పార్లమెంటు పెంచిందా?

పెంచింది. పెంచడం కాదు, పరిమితే ఎత్తేసింది. ఎవరికోసమో తెలుసా? 2015లో కమర్షియల్ కోర్టుల చట్టం చేసి, వ్యాపార వివాదాల్లో ఆ మూడు వేల హద్దు తీసేసింది. కంపెనీని కంపెనీ వేధిస్తే ఎంతైనా ఖర్చులు వేయొచ్చు. రిటైరైన కండక్టరును పక్క చేను ఆసామి ఇరవై నాలుగేళ్లు వేధిస్తే మూడు వేలు. ఆ రోజు ఆ చట్టం రాసినవాళ్ల బల్ల మీదే ఈ సెక్షన్ కూడా ఉంది. అదే కలంతో ఇంకొక్క గీత గీస్తే మాలాంటివాళ్లకూ ఆ హద్దు పోయేది. గీయలేదు. మేం వాళ్లకు గుర్తు రాలేదు.

2017 మేలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఒక ట్రస్టు ఏళ్ల తరబడి అరవై నాలుగు ప్రజాప్రయోజన వ్యాజ్యాలు వేసి ఒక్కటీ నెగ్గలేదు. కోర్టు సమయం వృథా చేసినందుకు పాతిక లక్షలు కట్టమంది, దేశంలో ఏ కోర్టులోనూ ఇక ప్రజాప్రయోజన వ్యాజ్యం వేయకూడదంది. మంచి తీర్పు. ఆ వార్త నాన్నకు నేనే చదివి వినిపించాను. నాన్న ఒక్కటే అడిగాడు: "కోర్టును విసిగిస్తే పాతిక లక్షలు. మరి మనల్ని విసిగిస్తేనో అమ్మాయ్?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ప్రైవేటు తగాదాల్లోనూ సుప్రీంకోర్టు లక్షల్లో ఖర్చులు వేసిన సందర్భాలున్నాయి, కాదనను. కానీ అంతదాకా వెళ్లాలంటే ముందు ఢిల్లీ దాకా ఓడకుండా, చావకుండా మిగలాలి.

అసలు ఇలాంటి మనుషుల కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం మన గడ్డ మీద 1949లోనే పుట్టిందని ఎంతమందికి తెలుసు? అప్పటి మద్రాసు రాష్ట్రంలో, అంటే కోస్తా, రాయలసీమ కూడా అందులో ఉన్నప్పుడు, వేధింపు వ్యాజ్యాల నిరోధక చట్టం చేశారు. ఎవరైనా అలవాటుగా, ఏ ఆధారమూ లేకుండా కేసుల మీద కేసులు వేస్తుంటే హైకోర్టు అతన్ని పిలిచి, అతను చెప్పేదీ విని, ఇకముందు జిల్లా జడ్జి అనుమతి లేకుండా కేసు వేయడానికి వీల్లేదని ఆర్డరు వేయొచ్చు. సివిల్ అయినా సరే, క్రిమినల్ అయినా సరే. కేసులో పస ఉందనిపిస్తే జడ్జి అనుమతి ఇస్తాడు. న్యాయంగా అడగదలచినవాడికి ఏ ఆటంకమూ లేదు. ఇంత చక్కటి చట్టం. కానీ హైకోర్టును కదిలించే అధికారం ఎవరికిచ్చారు? అడ్వకేట్ జనరల్‌కు. రాష్ట్ర ప్రభుత్వం తరఫున అతి పెద్ద కేసులు వాదించే ఆ పెద్దమనిషి, ఎక్కడో ఒక మండలంలో ఎనభై సెంట్ల తగాదాలో నలిగిపోతున్న కండక్టరు కోసం పిటిషన్ వేయాలి. ఆ గుమ్మం దాకా మా నాన్న ఎలా వెళ్తాడు? మా ప్లీడరు ముప్ఫై అయిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నారు. ఈ చట్టం పేరు ఆయనకు నేను చెప్పాను.

ఈ చట్టం తెలుగు నేల మీదే ఒకసారి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హైదరాబాదుకు చెందిన ఒక వ్యక్తి మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇలాంటి ఆర్డరే వేసింది. 1965లో సుప్రీంకోర్టు చట్టం సక్రమమైనదేనని చెప్పింది. ఇది కోర్టు తలుపు మూయడం కాదు, లోపలికి వచ్చేముందు ఒకసారి చూడడం మాత్రమే అన్న అర్థం వచ్చేలా వివరించింది. కానీ ఇది మద్రాసు చట్టం, తెలంగాణ ప్రాంతానికి దాన్ని విస్తరించలేదు కాబట్టి అక్కడ చెల్లదని ఆ ఆర్డరు కొట్టేసింది. రాష్ట్రం ఒక్కటై అప్పటికి తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్లలో ఒక చిన్న సవరణ చేసి ఆ చట్టాన్ని అటు వ్యాపింపజేయాలని ఎవరికీ తోచలేదు. అప్పుడూ ఇదే నిర్లక్ష్యం.

మహారాష్ట్ర 1971లో ఇలాంటి చట్టమే చేసుకుంది. మొత్తం దేశానికి ఒకే చట్టం కావాలని 2005 జూన్‌లో లా కమిషన్ తన 192వ నివేదికలో సిఫారసు చేసి, ముసాయిదా బిల్లు కూడా రాసిచ్చింది. ఆ కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ ఎం.జగన్నాధరావు, మన తెలుగువారే. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో కూర్చుని మన జిల్లాల దావాలు చూసిన మనిషి. ఆయనకు ఈ బాధ తెలుసు కాబట్టే రాశారని నా నమ్మకం. బిల్లు చేతికిచ్చి ఇరవై ఏళ్లు. ఎన్ని ప్రభుత్వాలు వచ్చాయి, ఎన్ని వందల చట్టాలు పాసయ్యాయి. ఈ ఒక్కటి పాసు కాలేదు. దీని కోసం ఏ ఊరేగింపూ జరగదు, ఏ ఓటుబ్యాంకూ కదలదు. అబద్ధపు దావాల్లో నలిగేవాళ్లు ఒక సంఘంగా ఎప్పుడూ పోగవరు. ఎవరి వరండాలో వాళ్లు విడివిడిగా నిలబడి ఉంటారు.

మా జడ్జీలు చెడ్డవాళ్లని నేననను. నాన్న నోటుబుక్కు ప్రకారం ఎనిమిది మంది మారారు. వాళ్లలో ఒకావిడ నాన్నను పెద్దాయనా అని పిలిచి, కూర్చోమని బెంచీ చూపించింది. ఆ సంగతీ పుస్తకంలో ఉంది. జిల్లా కోర్టుల్లో నాలుగు కోట్లకు పైగా కేసులు పేరుకుపోయిన దేశంలో ఒక్కో జడ్జి ముందు పొద్దున్నే ఎంత పెద్ద లిస్టు ఉంటుందో చూశాను. కానీ ఒక్కటి అడుగుతాను. దావా దాఖలు చేసే కౌంటరులో కోర్టు ఫీజు స్టాంపు సరిపోయిందా అని చూస్తారు. పేజీలకు నంబర్లున్నాయా, మార్జిను వదిలారా, వకాలతు మీద సంతకం ఉందా అని చూస్తారు, లేకపోతే కాగితం వెనక్కి కొడతారు. ఈ మనిషి ఇదే సర్వే నంబరు మీద ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చాడని మాత్రం చూడరు. ఈ-కోర్టులు వచ్చి ఇన్నేళ్లయింది. ప్రతి కేసుకూ పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరుంది. పార్టీ పేరు కొడితే నా ఫోనులో కనబడుతోంది. అమీనా సమను ఇచ్చి వెళ్లిన రాత్రి, పిండాల గిన్నెలు ఇంకా పెరట్లో ఆరుతుండగా, నేను కొట్టి చూశాను. ఆన్‌లైనులోకి ఎక్కిన కేసులన్నీ వరసగా వచ్చాయి. మూడు నిమిషాలు పట్టింది. కోర్టులో ఎవరూ ఆ మూడు నిమిషాలు ఖర్చుపెట్టలేదు. ఖర్చుపెట్టాలని ఏ రూలూ చెప్పలేదు.

ఒకసారి తేలిన తగాదాను మళ్లీ ఎత్తకూడదని కోడ్ 11వ సెక్షన్ ఉంది కదా అని అడుగుతారు. ఉంది. మేమూ ఆ పిటిషన్ పెట్టాం. ప్లెయింటును మొదట్లోనే తిరస్కరించాలంటే ప్లెయింటులో ఏం రాశారో అదే చూడాలి, పాత తీర్పుల సంగతి విచారణలో తేలుద్దాం అన్నారు. అతను ప్లెయింటులో పాత దావాల ఊసే ఎత్తడు. ఎత్తకపోవడమే అతనికి రక్షణ అయింది. దాచినవాడికి లాభం, దాచింది చూపించినవాడికి అయిదేళ్లు. కోర్టులో అబద్ధపు దావా వేయడం నేరమని పాత శిక్షాస్మృతి 209వ సెక్షన్ చెప్పేది, రెండేళ్ల దాకా జైలు. కొత్త న్యాయసంహితలోనూ ఆ నేరం ఉంది. కానీ ఆ ఫిర్యాదు కోర్టే ఇవ్వాలి, దెబ్బతిన్నవాడు నేరుగా ఇవ్వడానికి లేదు. మూడు దావాలు కొట్టేసిన కోర్టు ఒక్కసారీ ఇవ్వలేదు. తీర్పులో "ఖర్చులతో కొట్టివేయడమైనది" అని ఒక ముక్క రాశారు. ఆ ఖర్చుల బిల్లు రెండు వేల నూట నలభై అయింది. రాబట్టుకోవాలంటే ఈపీ, అంటే అమలు పిటిషన్, వేయాలి. "దానికోసం ఇంకో కేసా అమ్మా" అని నాన్న వదిలేశాడు.

నల్లకోటు వేసుకున్నవాళ్లనూ అడగాలి. అద్దె ఇల్లు ఖాళీ చేయమన్న ఉత్తర్వు అన్ని మెట్లూ దాటి ఖాయమయ్యాక, అదే ఇంటి నుంచి కొత్త దావాతో వచ్చినవాళ్ల కేసులో 1977లోనే జస్టిస్ కృష్ణయ్యర్ కింది కోర్టులకు గట్టిగా చెప్పారు: తెలివైన డ్రాఫ్టింగుతో లేని హక్కును ఉన్నట్టు చూపిస్తే మొదటి రోజే పట్టుకోండి, అవసరమైతే పార్టీని బోనెక్కించి నిలదీయండి అని. ప్లీడర్ల బాధ్యతనూ గుర్తుచేశారు. దాదాపు యాభై ఏళ్లయింది. మా కేసుల్లో తల్లికి పసుపు కుంకుమల కథ రాసిందీ, కొడుక్కి తాతల ఆస్తి కథ రాసిందీ ఒకే ప్లీడరు. కింద సంతకం ఒకటే. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, ఇదేమిటండీ అని బెంచి మీద నుంచి ఒక్క ప్రశ్న వేసినవాళ్లు లేరు.

ఖర్చులు పెంచితే, అనుమతులు పెడితే పేదవాడు కోర్టుకు రావడానికి జంకుతాడని కొందరంటారు. ఆ భయం నాకూ ఉంది. మా నాన్నా పేదవాడే. నేను పేదవాడి మొదటి దావా ఆపమనడం లేదు, రెండోదీ ఆపమనడం లేదు. ఓడిన దావానే పేరు మార్చి అయిదోసారి తెచ్చినప్పుడు, వాది ఎవరైనా సరే, ఒకసారి పాత ఫైలు తెరవమంటున్నాను. భార్య పేరున, కొడుకు పేరున వచ్చినా అది ఒకే మనిషి దావా అని గుర్తించమంటున్నాను. దెబ్బ తింటున్నవాడే నేరుగా జిల్లా జడ్జికి చెప్పుకునే దారి ఇవ్వమంటున్నాను. ఇందులో ఏది అంత కష్టం? ఇరవై ఏళ్ల కిందటి ముసాయిదా దుమ్ము దులపడానికి ఎంతమంది చావాలి?

నాలుగో దావా ఇంకా నడుస్తోంది. నాన్న పోయినందుకు అందులో అమ్మను, నన్ను వారసులుగా చేర్చమని అవతలివాళ్లు పిటిషన్ పెట్టారు. అమ్మకు అరవై ఆరు. పోయిన నెల మొదటిసారి కోర్టు మెట్లెక్కింది. గుమాస్తా వకాలతు ఫారం నింపుతూ భర్త పేరు రాసి, ముందు "లేటు" అని కలిపాడు. అమ్మ ఆ మాట చాలాసేపు చూసి, కింద మెల్లగా సంతకం చేసింది. ఒంటిగంట దాకా నిలబడ్డాం. పిలిచారు. అవతలి ప్లీడరు టైము అడిగారు.

ఇంటికొచ్చాక అమ్మ నాన్న నోటుబుక్కు తీసుకుంది. అయిదువందల నోటు జారితే మళ్లీ అదే పేజీలో పెట్టింది. చివరి వరుస కింద తేదీ వేసి, పక్కన వాయిదా అని రాసి, పెన్ను నా చేతికిచ్చి పడుకోవడానికి వెళ్లింది.